అప్‌వర్క్‌కు ఐదుకు మూడున్నర: హనుమకొండలో కూర్చుని విదేశీ పని చేసుకునేవాళ్ల కోసం

ముందే చెప్పేస్తా. అప్‌వర్క్ మోసం సైటు కాదు. పని చేస్తే పైసలు వస్తాయి, నేరుగా మన బ్యాంకు ఖాతాలోనే పడతాయి. నేను చేసే వెబ్‌సైట్ డిజైన్ పనిలో ఎక్కువ భాగం అక్కడి నుంచే వస్తుంది, మా ఇల్లు గడవడంలో దానిది పెద్ద వాటానే. అయినా ఐదుకు మూడున్నర మార్కులే ఇస్తున్నాను, ఆ తగ్గిన ఒకటిన్నర ఎందుకో వివరంగా రాయాలనిపించింది. ఇక్కడ హనుమకొండలో, అటు కరీంనగర్, జగిత్యాల వైపు కూడా, "అక్కా, ఇంట్ల కూసొని చేస్తే నిజంగనే డాలర్లు వస్తయా?" అని అడిగే పిల్లలు చాలామంది ఉన్నారు. యూట్యూబ్‌లో వాళ్లకు దొరికేవి రెండే రకాల జవాబులు. నెలకు లక్షలు అనేవాళ్లు కొందరు, అన్నీ దొంగ సైట్లే అనేవాళ్లు కొందరు. రెండూ నమ్మకండి.

అప్‌వర్క్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఒక చిన్న దుకాణం ఆయన తనకు వెబ్‌సైట్ కావాలని పోస్టు పెడతాడు, మనలాంటివాళ్లం ఇంతకు చేస్తాం, ఇన్ని రోజుల్లో ఇస్తాం అని ప్రపోజల్ పంపిస్తాం, నచ్చినవాళ్లతో కాంట్రాక్టు చేసుకుంటాడు. లోగోలు, అకౌంట్లు, అనువాదం, ప్రోగ్రామింగ్, డేటా ఎంట్రీ, అన్ని రకాల పనులూ ఉంటాయి.

ఈ కంపెనీ ఎట్లా పుట్టిందో తెలిస్తే దాని మంచీ చెడూ రెండూ తేలిగ్గా అర్థమవుతాయి. 2015 దాకా అప్‌వర్క్ అనే పేరే లేదు, మొదట్లో రెండు వేరువేరు కంపెనీలు ఉండేవి. ఒకటి ఈలాన్స్. 1990ల చివర్లో బీరుద్ శేఠ్, శ్రీని అనుమోలు అనే ఇద్దరు అమెరికాలో మొదలుపెట్టారు (ఆ రెండో ఇంటిపేరు మొదటిసారి చదివినప్పుడు నాకు భలే సంతోషమేసింది). ఆ తర్వాత ఈలాన్స్ కొన్నేళ్లు దారి మార్చుకుని, పెద్ద కంపెనీలకు బయటి సిబ్బంది లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ అమ్మింది. 2006లో ఆ వ్యాపారాన్ని అమ్మేసి మళ్లీ ఫ్రీలాన్స్ పనుల వైపే, అంటే ఉద్యోగం లేకుండా పనిని బట్టి విడివిడిగా చేసేవాళ్ల వైపే వచ్చింది. రెండోది ఓడెస్క్. దాన్ని పెట్టింది ఇద్దరు గ్రీకు స్నేహితులు, ఒడిసియాస్ సాతాలోస్, స్ట్రాటిస్ కరమాన్లాకిస్. ఒకాయన అమెరికాలో, ఇంకొకాయన గ్రీసులో ఉండేవారు. ఇద్దరూ కలిసి పనిచేయాలి, కానీ సముద్రాల అవతల ఉన్న మనిషి నిజంగా పని చేస్తున్నాడని ఎట్లా నమ్మాలి, ఎట్లా నమ్మించాలి? ఆ చిక్కు తీర్చుకోవడానికి వాళ్లు రాసుకున్న సాఫ్ట్‌వేరే తర్వాత కంపెనీ అయింది. 2013 డిసెంబరులో ఈలాన్స్, ఓడెస్క్ కలుస్తున్నట్టు ప్రకటించాయి, 2015లో పేరు అప్‌వర్క్ అయింది, 2018 అక్టోబరులో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్ట్ అయింది. లిస్ట్ అయ్యాక ఒక పూర్తి ఏడాదికి లాభం చూపించింది మాత్రం మొదటిసారి 2023లోనే. అన్నేళ్లు నష్టంలో నడిచిన కంపెనీ ఎక్కడో ఒకచోట ఆదాయం పెంచుకోవాలి కదా, అది ఎవరి దగ్గర పెంచుకుంది అన్నదే నా అసలు పేచీ. దాని దగ్గరికి వస్తాను.

ముందు మంచి గురించి. ఆ ఇద్దరు స్నేహితుల చిక్కుకు దొరికిన జవాబే ఇప్పటికీ అప్‌వర్క్‌లో అన్నిటికంటే గట్టి భాగం, దాని పేరు వర్క్ డైరీ. గంటల లెక్కన చేసే పనికి మన కంప్యూటర్లో ఒక యాప్ పెట్టుకోవాలి. టైమర్ ఆన్ చేశాక ప్రతి పది నిమిషాల్లో ఏదో ఒక క్షణంలో మన స్క్రీన్‌ను ఫొటో తీస్తుంది, అంటే గంటకు ఆరు. కీబోర్డు, మౌస్ ఎంత కదిలాయో కూడా లెక్క పెడుతుంది. వినగానే చాలామందికి ఒళ్లు మండుతుంది. మా ఆయన కూడా "ఇదేం కాపలా, మనుషుల మీద నమ్మకం లేదా" అన్నారు. నా అభిప్రాయం వేరు. ఆ ఫొటోలు క్లయింట్‌కు ఎంత రక్షణో నాకు అంతకంటే ఎక్కువ రక్షణ. ఎన్నడూ ముఖం చూడని మనిషి, పని మొత్తం అయ్యాక "నువ్వు చేయలేదు, పైసలు ఇవ్వను" అంటే హనుమకొండ నుంచి నేను ఏం చేయగలను, కాలిఫోర్నియా పోయి కేసు వేయగలనా? వర్క్ డైరీతో చేసిన గంటలకు, షరతులన్నీ పాటిస్తే, క్లయింట్ ఎగ్గొట్టినా డబ్బు వచ్చేలా అప్‌వర్క్ హామీ ఉంది. షరతులు జాగ్రత్తగా చదవాలి. క్లయింట్ పేమెంట్ పద్ధతి వెరిఫై అయి ఉండాలి, ఏం పని చేస్తున్నామో మెమో రాయాలి, స్క్రీన్ మీద ఆ పనే కనిపించాలి. ఇంటి విషయమేదో స్క్రీన్ మీద పడితే ఆ ఫొటో తీసేసుకోవచ్చు, ఆ పది నిమిషాల డబ్బు పోతుంది అంతే.

గంటలు కాకుండా మొత్తం పనికి ఇంత అని మాట్లాడుకుంటే ఎస్క్రో ఉంటుంది. క్లయింట్ ముందుగానే ఆ డబ్బు జమ చేయాలి, మనం పని అప్పగించాక విడుదల చేయాలి. అప్పగించి 14 రోజులైనా ఆయన ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే దానంతట అదే విడుదలవుతుంది. కొత్తవాళ్లు ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సింది ఒకటే. మైలురాయికి (పనిని విడగొట్టుకున్న ఒక్కో భాగాన్ని అక్కడ అట్లా అంటారు) డబ్బు జమ అయినట్టు స్క్రీన్ మీద కనిపించేదాకా ఒక్క లైను కూడా రాయొద్దు. నాకు ఒక క్లయింట్ "మీరు మొదలుపెట్టండి, రేపు వేస్తాను, అర్జెంటు" అని తెగ మర్యాదగా రాశాడు. డబ్బు పడ్డాకే ఫైలు తెరుస్తానని నేనూ అంతే మర్యాదగా చెప్పాను. ఆ తర్వాత మళ్లీ కనిపించలేదు.

డబ్బు చేతికి రావడానికి టైం పడుతుంది, ఇది ఇంట్లో కూడా ముందే చెప్పి పెట్టుకోవాలి. గంటల పని అయితే సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక వారం లెక్క, ఆ వారం ముగిశాక పది రోజులకు, అంటే పై వారం దాటి బుధవారానికి మన ఖాతాలో కనిపిస్తుంది. ఫిక్స్‌డ్ పనికి క్లయింట్ ఒప్పుకున్నాక ఇంకో ఐదు రోజులు. అక్కడి నుంచి మన బ్యాంకుకు పంపుకోవడానికి ఒక్కోసారికి 0.99 డాలర్ కోత, పైగా గూగుల్‌లో కనిపించే డాలర్ రేటు కంటే కాస్త తక్కువకే రూపాయలవుతాయి. అందుకే చిన్నచిన్న మొత్తాలు పదేపదే తీసుకోవడం దండగ. నెల మొదటి వారంలో చిట్టీ కట్టాల్సినవాళ్లు, ఈఎంఐ ఉన్నవాళ్లు కనీసం నెల ఖర్చు చేతిలో పెట్టుకుని దిగితే టెన్షన్ ఉండదు.

వేళల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆడవాళ్లం ఇల్లూ పిల్లలూ చూసుకుంటూ చేయాల్సింది అక్కడే తేలుతుంది. లండన్ వాళ్ల తొమ్మిది గంటలు ఎండాకాలంలో మనకు మధ్యాహ్నం ఒకటిన్నర, న్యూయార్క్ వాళ్లవి సాయంత్రం ఆరున్నర. సిడ్నీ వాళ్ల పొద్దు మనకు తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలవుతుంది. నా మటుకు లండన్ క్లయింట్లు బంగారం. బిడ్డ స్కూల్లో ఉన్న టైంలో మీటింగ్ అయిపోతుంది. అమెరికా క్లయింట్‌ను తీసుకునే ముందు "రోజూ మీటింగ్ ఉండాలా, వారానికి ఒకటి చాలా" అని మొదటి మెసేజ్‌లోనే అడిగేస్తాను. అడిగినందుకు పని పోయినా సరే, రాత్రి పదకొండింటికి వంటింట్లో కూర్చుని జూమ్‌లో మాట్లాడటం నావల్ల కాదు.

ఇక ఫీజు. ఇది మారుతూ వచ్చింది. ఓడెస్క్ కాలం నుంచి 2016 దాకా పది శాతం. 2016లో మెట్ల పద్ధతి పెట్టారు. ఒక్కో క్లయింట్ దగ్గర మొదటి 500 డాలర్ల మీద 20 శాతం, అక్కడి నుంచి 10,000 దాకా 10 శాతం, ఆపైన 5 శాతం. 2023 మేలో అందరికీ మళ్లీ 10 శాతం చేశారు. కొత్తవాళ్లకు ఇది మేలు, 500 డాలర్ల పనికి అంతకుముందు 100 పోయేది, 50 అయింది. ఒకే క్లయింట్‌తో ఏళ్లకేళ్లు చేసేవాళ్లకు మాత్రం నష్టం. లెక్క వేసి చూస్తే ఒక క్లయింట్ దగ్గర మొత్తం 11,000 డాలర్లు దాటినవాళ్లకు పాత పద్ధతే చవక. 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులకు సున్నా నుంచి 15 శాతం దాకా, పనిని బట్టి మారే ఫీజు వచ్చింది. ప్రపోజల్ పంపేటప్పుడే ఎంతో కనిపిస్తుంది, చూసుకుని ధర చెప్పండి. ఈ శాతాల మీద నాకు కోపం లేదు, ఇది గట్టిగానే చెప్తాను. నాకు పని దొరికింది, డబ్బు వచ్చింది, అందులోంచి వాళ్ల వాటా తీసుకున్నారు. న్యాయమే.

నా పేచీ కనెక్ట్స్‌తో.

ప్రపోజల్ పంపాలంటే కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చు పెట్టాలి. నెలకు కొన్ని ఉచితంగా ఇస్తారు, అవి ఏ మూలకూ చాలవు. మిగతావి కొనాలి, ఒక్కోటి 0.15 డాలర్. 2019 నుంచి ఇవి గట్టిగా డబ్బు పెట్టి కొనే వస్తువులయ్యాయి. ఒక్కో పోస్టుకు ఒక్కో లెక్క, మంచి పనులకు ఎక్కువ. 16 కనెక్ట్స్ అడిగే పోస్టుకు 2.40 డాలర్లు, మన లెక్కలో రెండు వందల రూపాయలు దాటుతుంది, అదీ దరఖాస్తు పెట్టడానికే. ఇంకా పైన బూస్ట్ అని ఒక వేలంపాట. ఎక్కువ కనెక్ట్స్ పాడినవాళ్ల ప్రపోజల్ లిస్టులో పైన కనిపిస్తుంది. కొత్తగా చేరిన పిల్లవాడికి ఇరవై ప్రపోజల్స్‌కు ఒక పని దొరుకుతుందనుకుంటే, ఆ మొదటి పని రాకముందే నాలుగు వేలు అయిపోతాయి. ఎంజీఎం ఆసుపత్రిలో అవుట్‌సోర్సింగ్ కింద పనిచేసే తండ్రి జీతంలోంచి ఇచ్చే నాలుగు వేలు అవి. క్లయింట్ ఆ ప్రపోజల్ తెరిచి చూడకపోయినా ఖర్చు ఖర్చే.

మా వైపు వాళ్లకు ఈ సంగతి ఇంకో రూపంలో బాగా తెలుసు. ఉద్యోగం కోసం ముందు మనమే కట్టాలి, దొరికేదీ లేనిదీ తర్వాత. మా అత్తగారి ఊరు కోరుట్ల దగ్గర, అక్కడ ప్రతి వాడకట్టులో దుబాయ్, మస్కట్, సౌదీ పోయొచ్చినవాళ్లు ఉంటారు. మా చిన్నమామ మస్కట్ పోయినప్పుడు ఏజెంటుకు కట్టిన డబ్బు మిత్తికి తెచ్చిందే. పోయిన కొత్తలో పంపిన జీతమంతా ఆ మిత్తికే సరిపోయిందని మా అత్తమ్మ ఇప్పటికీ చెప్తుంది. చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి ఒక్క పైసా తీసుకోకూడదు. ఊళ్లలో అసలు వసూలయ్యేది ఎంతో జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూర్ ఎటు పోయి అడిగినా చెప్తారు. పని చూపించినందుకు పనివాడి దగ్గర ఫీజు వసూలు చేయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే 181వ ఒప్పందంలో రాసుకుంది. అంటే, మనిషిని వెతికే ఖర్చు మనిషి కావాలన్నవాడే పెట్టుకోవాలి.

అప్‌వర్క్‌ను గల్ఫ్ ఏజెంటుతో ఒకే గాటన కట్టడం లేదు, అది అన్యాయం. ఇక్కడ ధర అందరికీ తెలిసేలా రాసి ఉంది, మొత్తం చిన్నది, ఎవరి పాస్‌పోర్టూ లాక్కోరు. కంపెనీ చెప్పే కారణంలోనూ నిజముంది. దరఖాస్తు ఉచితమైతే ఒక్కో పోస్టుకు వందలాది ప్రపోజల్స్ కుప్ప పడతాయి, చాట్‌జీపీటీ వచ్చాక ఒక్క నిమిషంలో పది రాసి విసిరేసేవాళ్లు తయారయ్యారు, క్లయింట్ విసిగి వెళ్లిపోతాడు. ఒప్పుకుంటాను, ఏదో ఒక అడ్డుకట్ట ఉండాల్సిందే. కానీ ఆ అడ్డుకట్టే ఆదాయ మార్గం అయినప్పుడు, పని దొరకనివాళ్లు ఎంతమంది ఆశపడితే కంపెనీకి అంత రాబడి. పని చేసినవాడి సంపాదనలో వాటా తీసుకునే కంపెనీకి వాడు బాగుపడటం అవసరం. దరఖాస్తుల మీద సంపాదించే కంపెనీకి ఆ అవసరం అంత ఉండదు. ఒకటిన్నర మార్కుల్లో ఒకటి నేను తగ్గించింది ఇందుకే.

మిగతా అర మార్కు కొత్తవాళ్లకు మొదటి పని దొరకడంలో ఉన్న కష్టానికి. పాత పనుల ఫలితాలను బట్టి జాబ్ సక్సెస్ స్కోర్ అని శాతంలో వస్తుంది, అది 90 దాటితే, ఇంకొన్ని షరతులు కూడా తీరితే, టాప్ రేటెడ్ బిళ్ల వస్తుంది, ఆ తర్వాత క్లయింట్లే పిలుస్తారు, పిలిచిన పనికి కనెక్ట్స్ అక్కర్లేదు. అంటే బాగా స్థిరపడినవాళ్లకు ఖర్చు తక్కువ, ఇప్పుడే వచ్చినవాళ్లకు ఎక్కువ. దీన్ని దాటడానికి నేను పిల్లలకు చెప్పేది ఒకటే. "నేను అన్నీ చేస్తాను" అని ప్రొఫైల్ పెట్టొద్దు. నయీంనగర్‌లో ఒక అమ్మాయి దంతవైద్యుల క్లినిక్‌ల వెబ్‌సైట్లు మాత్రమే చేస్తానని రాసుకుంది, ఇక్కడ హనుమకొండలో రెండు మూడు క్లినిక్‌లకు తక్కువ ధరకు చేసిపెట్టి అవే నమూనాలుగా చూపించింది. ఆమెకు పని తొందరగానే దొరికింది. గంటకు మూడు డాలర్లు అక్కడ కనిష్ఠం, ఆ కనిష్ఠానికి దిగి పోటీ పడితే మళ్లీ పైకి రావడం చాలా కష్టం, దయచేసి ఆ పని చేయకండి.

ఇంకో హెచ్చరిక. ఇది అప్‌వర్క్ తప్పు కాదు, కానీ అక్కడ కూడా తిరిగే మోసగాళ్లున్నారు. కాంట్రాక్టు లేకముందే "టెలిగ్రామ్‌లోకి రండి", "ముందు డిపాజిట్ కట్టండి", "మీ అకౌంట్ మాకు అద్దెకివ్వండి" అన్నవాళ్లను అక్కడే రిపోర్టు చేసి వదిలేయండి. డేటా ఎంట్రీ పని, మంచి జీతం, టికెట్ మాదే అని నమ్మించి తీసుకుపోయి కంబోడియాలో సైబర్ మోసాల ముఠాలకు అప్పగించిన సంగతులు 2024లో మన తెలంగాణ పేపర్లలోనే చదివాం. ఇంట్లో కూర్చుని చేసే పనికి ఎవరూ విమానం ఎక్కించరు. నిజంగా విదేశం పోవాలనుకుంటే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, కేంద్రం ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఏజెంటు రిజిస్టర్ అయ్యాడో లేదో చూసుకోవచ్చు.

వేరే సైట్ల మాట కొద్దిగా. టెల్ అవీవ్‌లో 2010లో మొదలైన ఫైవర్‌లో లెక్క తిరగేసి ఉంటుంది. మనం ఏం చేస్తామో ధరతో సహా పెట్టి కూర్చుంటాం, కొనేవాళ్లు మన దగ్గరికి వస్తారు, దరఖాస్తు ఖర్చు లేదు, కానీ వచ్చిన ప్రతి డాలర్‌లో 20 శాతం వాళ్లదే. నా వాదన ప్రకారం చూస్తే వసూలు పద్ధతి అదే న్యాయంగా ఉంది, రేటు మాత్రం మరీ ఎక్కువ. లోగోలు, చిన్న వీడియోలు చేసేవాళ్లకు ఫైవర్ నయం. నెలల తరబడి సాగే పనికి అప్‌వర్కే.

పన్ను గురించి భయపడేవాళ్లకు: చాలామంది సాంకేతిక వృత్తి పనివాళ్లు పన్ను చట్టంలో ఉన్న ఒక సులువు లెక్క కింద వచ్చినదాంట్లో సగాన్ని ఆదాయంగా చూపించి రిటర్న్ వేస్తారు. మీ పనికి అది వర్తిస్తుందో లేదో సీఏను ఒక్కసారి అడగండి, హనుమకొండ చౌరస్తా చుట్టూ బోలెడుమంది ఉన్నారు. రిటర్న్ వేసి ఉంచుకుంటే బ్యాంకు లోనుకు కూడా పనికొస్తుంది.

చివరగా, ఇట్లాంటి అంగడి మనమే కట్టాలనుకునే కుర్రాళ్లతో ఒక మాట. మడికొండలో, కరీంనగర్ ఐటీ టవర్‌లో అట్లాంటివాళ్లు నాకు ఎదురయ్యారు, గల్ఫ్ పనులకు నమ్మకమైన యాప్ చేయాలని ఒకబ్బాయి చాలా పట్టుదలగా చెప్పాడు. చేయాలి, తప్పకుండా చేయాలి. ఓడెస్క్ వాళ్ల నుంచి తీసుకోవాల్సింది యాప్ రూపం కాదు, నమ్మకం ఎక్కడ తెగుతుందో అక్కడ పట్టుకోవడం. అక్కడ తెగింది "దూరాన ఉన్నవాడు పని చేస్తున్నాడా" అన్న దగ్గర. గల్ఫ్ విషయంలో తెగేది "ఏజెంటు చూపించిన కాంట్రాక్టు, విమానం దిగాక చేతికొచ్చే కాంట్రాక్టు ఒకటేనా" అన్న దగ్గర. ఇంకో కష్టం, క్లయింటూ పనివాడూ ఒకసారి కలిశాక నేరుగా మాట్లాడుకుని మధ్యవాళ్లను వదిలేస్తారు. అప్‌వర్క్ దానికి రెండేళ్ల దాకా బయట డబ్బు తీసుకోకూడదన్న షరతు పెట్టింది. నిబంధనతో కొంతే ఆగుతుంది, ఎస్క్రో లాంటి రక్షణ ఉంటేనే జనం ఉండిపోతారు. నేను ఉండిపోయింది అందుకే. డబ్బు మాత్రం కంపెనీల దగ్గర తీసుకోండి తమ్ముడూ, పోయేవాడి దగ్గర వద్దు.

అప్‌వర్క్ ఒక్క మార్పు చేస్తే నా మార్కులు మారతాయి. క్లయింట్ అసలు తెరవని ప్రపోజల్‌కు కనెక్ట్స్ మొత్తం వెనక్కి ఇవ్వాలి. తెరిచి చదివి వద్దనుకుంటే సరే, ఆ ఖర్చు మాదే. ఈ మాట వాళ్లకు ఫీడ్‌బ్యాక్‌లో రాశాను, మీరూ వాడుతుంటే రాయండి.